గుంత చూడ్డానికి అంత దూరమా?

జహీరాబాద్ దగ్గరి రాయికోడ్ వైపు నుంచి బీదర్, నాందేడ్ దాటుకుని మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాకు పోయి, లోణార్ అనే చిన్న పట్టణం పక్కనున్న గుంతను చూసి రమ్మంటే ఎవరైనా నవ్వుతారు. గుంత చూడ్డానికి అంత దూరమా అంటారు. (షిర్డీ అంతకంటే దూరమే, అక్కడికి బస్సెక్కేటప్పుడు మాత్రం ఈ లెక్క ఎవరూ వెయ్యరు.) అయినా ఆ గుంతను చూసి అర్థం చేసుకునే అర్హత, కెమెరాలు మెడలో వేసుకుని వచ్చేవాళ్లకంటే జహీరాబాద్ ప్రాంతపు రైతుకే ఎక్కువని నా వాదన. రెండు చోట్లా నేల కింద ఉన్నది ఒకటే రాయి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా అది. ఇటువైపు దాని అంచు. ఇక్కడి చేలలోని నల్లరేగడి ఆ రాయి చివికి అయిన మన్నే, జహీరాబాద్ దగ్గరి ఎర్రరాయీ దానినుంచి పుట్టిందే. బావి తవ్వినవాళ్లకు ఈ వరస తెలుసు: పైన రేగడి, దాని కింద మొరం, ఆ కింద బండ, ఒక బండకూ మరో బండకూ మధ్య మెత్తని పొర తగిలితే అక్కడ ఊట. లోణార్ గుంత గోడ అలాంటి కోతే, కాకపోతే 1.8 కిలోమీటర్ల వెడల్పున. లావా పొరలు ఒకదాని మీదొకటి బయటపడి ఉంటాయి. అడుగున చెరువు ఉప్పన, అంచు దగ్గర గోముఖం నుంచి పడే ధార తియ్యన. యాత్రికుడు దాన్ని మహిమ అంటాడు, బావి తవ్వించినవాడు ఊట అంటాడు. ఇద్దరూ ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటారు, అది వేరే సంగతి.

రాయంతా లావా అయినప్పుడు, ఉల్క పడి అయిందంటున్న ఈ గుంత కూడా అగ్నిపర్వతం నోరే కదా అని అడగొచ్చు. తేలిగ్గా తోసెయ్యదగ్గ ప్రశ్న కాదు. 1823లో అలెగ్జాండర్ అనే బ్రిటిష్ అధికారి ఈ గుంత గురించి రాశాక కూడా చాలాకాలం పండితులు దీన్ని అగ్నిపర్వతం ఖాతాలోనే వేశారు. చివరికి సాక్ష్యం గుంత లోపల, రాతి ముక్కల్లో దొరికింది. రాతిలోని ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు కరగకుండానే, ఒక్క దెబ్బ ఒత్తిడికి గాజులా మారితే మాస్కెలినైట్ అవుతుంది. అగ్నిపర్వతానికి వేడి ఎంతైనా ఉంటుంది గానీ అంతటి ఒత్తిడి ఉండదు. ఈ గాజును చూపిస్తూ, పడింది ఉల్కేనని శాస్త్రవేత్తలు 1973లో ప్రకటించారు. వయసు విషయంలో పేచీ ఉంది: ఒక పద్ధతి సుమారు 52 వేల ఏళ్లంటే, ఇంకో పద్ధతి 5 లక్షల 70 వేలంటుంది. ఇది అగ్నిపర్వతం కాదనే వాదనకు రెండింట్లో ఏదైనా సరిపోతుంది, ఎందుకంటే ఏ లెక్కన చూసినా అప్పటికి లావా చల్లారి కోట్ల ఏళ్లయింది. చంద్రుడి మీద, అంగారకుడి మీద ఈ జాతి రాతిలో పడిన ఉల్కల గుంతలు చాలా ఉన్నాయి. భూమ్మీద అలాంటివి బహు అరుదు. అందుకే చంద్రుడి గురించి, అంగారకుడి గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు లోణార్ రాళ్లు ఏరుకుపోతారు.

లోకం చూసినవాళ్ల అభ్యంతరం మరొకటి. ఇజ్రాయెల్ ఎడారిలో మిట్జ్‌పె రామోన్ అనే ఊరి పక్కనున్న గుంత దాదాపు 40 కిలోమీటర్ల పొడవు, 500 మీటర్ల లోతు. దాని ముందు ఇదెంత అంటారు. కొలతల్లో నిజమే. 1951లో ఐలాత్ రోడ్డు వేసే కూలీల శిబిరంగా మొదలైన ఆ ఊరు ఇప్పుడు చాలావరకు ఆ గుంతను, దాని మీది చీకటి ఆకాశాన్ని చూపించే బతుకుతోంది. కానీ రామోన్ గుంతను నీళ్లు యుగాల తరబడి కోసి, అరగదీసి చేశాయి. లోణార్ క్షణాల్లో అయిపోయిన పని. పరిమాణం చూసి మురిసిపోవాలంటే అక్కడికే పోవచ్చు; కాళ్ల కింది రాయి ఒక్క దెబ్బకు ఏమవుతుందో చూడాలంటే లోణార్‌కే రావాలి.

పరాయి రాష్ట్రపు వింతతో మనకేం పని అనేవాళ్లకు చరిత్ర జవాబిస్తుంది. 1724లో మొదటి నిజాం నిజాముల్ముల్క్, మొఘలుల సుబేదారు ముబారిజ్ ఖాన్‌ను ఓడించి హైదరాబాద్ రాజ్యానికి పునాది వేసిన శకర్‌ఖేడా ఈ బుల్ఢాణా జిల్లాలోనే ఉంది. లోణార్ ఉన్న బేరార్ 1853లో బ్రిటిష్ వాళ్ల చేతికి పోయేదాకా నిజాం పాలనలోదే.

నన్ను నిజంగా తడబెట్టే అభ్యంతరం ఒక్కటే: జనం ఎగబడితే గుంత పాడవదా? పాడవుతుంది. చెరువులోకి వచ్చే నీళ్లకు బయటికి దారి లేదు. ఊరి మురుగు చేరినా, యాత్రికుల చెత్త చేరినా అందులోనే ఉండిపోతుంది. 2020 జూన్‌లో నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే జనం కంగారుపడ్డారు గానీ, నీళ్లు తగ్గి ఉప్పు పెరిగినప్పుడు అందులో బలిసే సూక్ష్మజీవుల పని అది. చెరువు వాటిని తట్టుకుంటుంది, సబ్బు నురుగును తట్టుకోలేదు. అదే ఏడాది నవంబరులో దానికి, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. దాన్ని కాపాడే దారి ఉంది: వెళ్లేవాళ్లు నీళ్ల దాకా దిగనక్కర్లేదు. అసలు చూడాల్సింది పైనే ఉంది: చుట్టూరా పొలాలకంటే ఎత్తుగా లేచిన అంచు, అందులో బయటివైపుకి వాలిపోయిన లావా పొరలు. బావి గోడ చూసే అలవాటున్న కంటికి అవి వేరే ఎవరూ చూపించనక్కర్లేదు.