పట్నంలో పది పంచాంగాలు



"ఇంకా ఎన్నాళ్ళు మోస్తావు మావా ఆ గంపలు? ఆ గరువు అమ్మీసి, ఏదో అపార్టుమెంటులో వాచ్‌మేన్‌గా కూకుంటే నీడపట్టున ఉందువు కదా" అని మొన్న మా ఊరి కుర్రోడొకడు అడిగేడు. వాడొక్కడే కాదు, ఈ ఏడాదిలో ఆ మాట అన్నవాళ్ళు పదిమందైనా ఉంటారు. రచ్చబండ మీద రెండు ముక్కల్లో తేలే జవాబు కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నన్ను కొత్తగా చదివేవాళ్ళకి నా సంగతి. మాది విజయనగరం జిల్లా కొత్తవలస మండలం. చెరువు కింద ఎకరం పల్లం, దాని ఎగువన ఎనభై సెంట్ల గరువు, గరువులో ఒక బోరు. పల్లంలో వరి, గరువులో కూరగాయలు. వరి మా తిండికి, కూరగాయలు మా ఖర్చుకి. 2003 నుంచి వారానికి నాలుగు రోజులు పొద్దున్న పాసింజరుకి గంపలెక్కించి విశాఖపట్నం వెళ్తున్నాను. మర్రిపాలెం వైపు రైల్వే వాళ్ళు, నేవీ వాళ్ళు కలిసి ఉండే ఒక వీధి మలుపులో గోనె పరుస్తాను. పదకొండు గంటలకి గంపలు ఖాళీ అయితే మధ్యాహ్నం అన్నం ఇంటి దగ్గరే.

వెళ్ళిన కొత్తలో నా పక్కన పెందుర్తి నుంచి వచ్చే ఒక అప్ప కూర్చునేది. ఒకనాడు ఒక బెంగాలీ అమ్మ వచ్చి ఆవిణ్ణి "లావు, లావు" అని అడిగింది. అప్ప తన గంపలో అన్నిటికంటే లావుపాటి గుమ్మడికాయ తీసి ఇచ్చింది. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్ళీ "లావు" అంది. అప్ప ఇంకా లావుది వెతకడం మొదలెట్టింది. రైల్వేలో పనిచేసే ఒక పెద్దాయన అటు పోతూ "ఆళ్ళ బాసలో లావంటే ఆనపకాయ తల్లీ" అని చెప్తే అందరం పడీపడీ నవ్వేం. ఆ రాత్రి మా అబ్బాయి పాత లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. ఆనపకాయ అంటే బెంగాలీ వాళ్ళకీ ఒడియా వాళ్ళకీ లావు, హిందీ వాళ్ళకి లౌకీ, మలయాళీలకి చురక్క. ఆ పుస్తకం ఇప్పటికీ నా సంచీలోనే ఉంది. అట్ట రెండుసార్లు మార్చేను.

ఒక్క వీధిలో ఇన్ని బాసలెందుకున్నాయి అని నాకు మొదట ఆశ్చర్యంగా ఉండేది. అడిగి తెలుసుకున్నాను. వాల్తేరు రైల్వే ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కింద ఉండేది. తరవాత సౌత్ ఈస్టర్న్ అయింది. రెంటికీ పెద్దాఫీసు కలకత్తాలోనే. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే వచ్చేక పెద్దాఫీసు భువనేశ్వర్‌కి మారింది. అందుకే మన వీధిలో బెంగాలీ వాళ్ళూ ఒడియా వాళ్ళూ అంతమంది. 1933లో హార్బరు తెరిచేరు. 1941లో షిప్‌యార్డుకి పునాది వేసేరు. తరవాత రిఫైనరీ, ఆ పైన స్టీల్ ప్లాంటు. తూర్పు నౌకాదళం ఉన్నదీ ఇక్కడే. ఒక్కో పనికీ ఒక్కో రాష్ట్రం నుంచి జనం దిగేరు. హార్బరు దగ్గర మూడు కొండలు చూసే ఉంటారు. ఒకదాని మీద వెంకటేశ్వర స్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. కొండల మీద ముగ్గురూ సర్దుకున్నట్టే కింద వీధుల్లో జనమూ సర్దుకుని బతుకుతున్నారు.

ఇక వ్యాపారం సంగతి. మన ఊళ్ళో పారేసేది పట్నంలో ఎవరో ఒకరికి కూర. ఇది నేను తెలుసుకున్న మొదటి లెక్క.

ముల్లంగి తీసుకెళ్తే తెలుగువాళ్ళు ఆకు తెంపి కాయే ఇమ్మంటారు. వెనకాలే వచ్చిన హిందీ ఆవిడ ఆ ఆకు తీసుకుంటుంది. గుమ్మడి పువ్వు మా ఇంట్లో ఎప్పుడూ వండలేదు. బెంగాలీ వాళ్ళు దాన్ని పిండిలో ముంచి బజ్జీల్లా వేయించుకుంటారు. మగపువ్వులు మాత్రమే కోయాలి, అవి కూడా అన్నీ కోసీకూడదు, పిందె పట్టడానికి కొన్ని ఉండాలి. తెల్లారకుండా కోసి తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్తే తొమ్మిది గంటలకల్లా అయిపోతాయి. పొద్దెక్కితే వాడిపోతాయి, ఎవరూ ముట్టరు. మునగాకు మనం ఆషాఢంలో ఓసారి తిని సరిపెట్టుకుంటాం. ఒడియా వాళ్ళకి అది ఏడాది పొడుగునా కూరే. బూడిదగుమ్మడి మనం దిష్టికి గుమ్మానికి కడతాం, లేదంటే వడియాలు పెడతాం. ఒకసారి ఒక మలయాళీ ఆవిడ, ఎదురింటి గుమ్మానికి వేలాడుతున్న కాయని చూపించి "ఎంత మంచి కూర, ఎండలో పాడు చేస్తున్నారు" అంది. వాళ్ళు దాన్ని కొబ్బరిపాలు పోసి వండుకుంటారట.

రెండో లెక్క ఇంకా పెద్దది. మన ఊళ్ళో పంచాంగం ఒక్కటే. పట్నంలో పది ఉంటాయి. తెలుగువాళ్ళకి కార్తీకమాసం వస్తే కూరగాయకి రెక్కలొస్తాయి. జైనులు దుంపలూ ఉల్లీ వెల్లుల్లీ తినరు, వానాకాలం నాలుగు నెలలూ ఆకుకూర కూడా ముట్టరు. ఆ నెలల్లో వాళ్ళ ఇళ్ళవైపు తోటకూర తీసుకెళ్ళడం దండగ, బీర దొండ తీసుకెళ్ళాలి. రంజాన్‌లో సాయంత్రాలు పుదీనా, కొత్తిమీర, నిమ్మకాయ ఎంత తెచ్చినా చాలవు. ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, మడి వేసేటప్పుడు అది చూసుకోవాలి. ఓనం ఆగస్టు, సెప్టెంబరు మధ్య వస్తుంది. మలయాళీలకి బూడిదగుమ్మడి, కంద, అరటాకు కావాలి. బూడిదగుమ్మడి చేతికి రావడానికి దగ్గర దగ్గర నాలుగు నెలలు, అంటే ఎండల్లోనే విత్తు పడాలి.

అన్నిటికంటే నాకు నచ్చినది బీహార్ వాళ్ళ ఛఠ్ పండగ. బిల్డింగు పనుల్లో ఉన్న కుర్రాళ్ళు నలుగురైదుగురు ఒకసారి వచ్చి, ఉన్న ఆనపకాయలన్నీ కొనీసేరు. ఎందుకని అడిగితే చెప్పేరు. పండగ మొదటి రోజు అన్నంలోకి ఆనపకాయే వండాలట. ఆ రోజేదో తెలుసునా? కార్తీక శుద్ధ చవితి. మన నాగుల చవితి! మనం పుట్టలో పాలు పోసిన రోజునే వాళ్ళు ఆనపకాయ వండుకుంటారు. తరవాత ఉపవాసం ఉండి, చేటలో పళ్ళు పెట్టుకుని నీళ్ళలో నిలబడి, అస్తమించే సూర్యుడికోసారి, మర్నాడు ఉదయించే సూర్యుడికోసారి అర్ఘ్యం ఇస్తారు. "మా శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి ఉన్నాడురా" అని నాకొచ్చిన హిందీలో చెప్పేను. ఆ తరవాతి ఆదివారం ముగ్గురు రైలెక్కి వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చేరు. నాకు ప్రసాదం తెచ్చేరు.

అప్పటి నుంచి నా లెక్క ఇది: పోలాల అమావాస్యకి విత్తు, నాగుల చవితికి కాయ. రెండు నెలల పైచిలుకు, ఆనపకి సరిగ్గా సరిపోతుంది. 2014లో మాత్రం అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పందిరి మొత్తం నేలకి కొట్టీసింది. ఆ ఏడు వాళ్ళకి ఇవ్వడానికి నా దగ్గర ఒక్క కాయ కూడా లేదు.

ఇదంతా వ్యాపారమే, కాదనను. కానీ వ్యాపారం వెనక ఇంకోటి ఉంది.

మా తాత రంగం వెళ్ళినవాడు. రంగం అంటే రంగూన్ అని ఇప్పటి పిల్లలకి చెప్పాలి. ఆ రోజుల్లో మన జిల్లాల నుంచి బీమిలి, విశాఖపట్నం రేవుల్లో ఓడలెక్కి వేలమంది వెళ్ళేరు. మా తాత అక్కడ బియ్యం బస్తాలు మోసేడు. జపాను వాడు బాంబులు వేసేక 1942లో అడవుల్లోంచి నడిచి తిరిగొచ్చినవాళ్ళలో ఆయనొకడు. 1962లో అక్కడ సైన్యం అధికారంలోకి వచ్చేక మిగిలినవాళ్ళు చాలామంది వచ్చీసేరు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు అందుకే వచ్చింది. మా తాత యుద్ధం గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. ఒక బర్మా ముసలమ్మ గురించి మాత్రం చెప్పేవాడు. సంతలో కూరగాయలమ్మే ఆ ముసలమ్మ మనవాళ్ళ కోసం "వంకాయ", "గోంగూర", "కొసరు" అనే మూడు తెలుగు మాటలు నేర్చుకుందట. కొసరు అడక్కుండానే వేసేదట. ముప్పై ఏళ్ళ తరవాత కూడా ఆవిణ్ణి తలుచుకునేవాడు.

ఇప్పుడు మా అబ్బాయి చెన్నై దగ్గర ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. అక్కడ వాడు బీహారోడిలాంటివాడే. ఫోన్ చేస్తే ముందు చెప్పేది తిండి గురించే. ఒకరోజు "నాన్నా, ఇక్కడ సందు చివర ఒక తమిళ ఆవిడ మా తెలుగు కుర్రాళ్ళ కోసమని గోంగూర తెస్తోంది" అన్నాడు. వాడి గొంతులో ఆ రోజు ఉన్న హుషారు జీతం పెరిగిన రోజున కూడా లేదు.

అందుకే మన ఊళ్ళలో "ఒడియావోళ్ళు, బీహారోళ్ళు వచ్చి కూలి రేట్లు పాడు చేస్తన్నారు" అనే మాట విన్నప్పుడు నేను ఊరుకోలేను. ఆ బాధలో నిజం లేదని అనను. తక్కువకి పనిచేసేవాడు వస్తే మనవాడి కూలి దెబ్బతింటుంది. కానీ హైదరాబాదులో, చెన్నైలో మన శ్రీకాకుళం కూలీని చూసి అక్కడివాళ్ళు అనేదీ అదే మాట కదా. తక్కువ ఇచ్చేవాణ్ణి వదిలీసి, తక్కువ తీసుకునేవాణ్ణి తిడితే ఏటి లాభం? 2020లో లాక్‌డౌన్ పెట్టేక రైలు పట్టాల వెంట ఒడిశా వైపు నడిచిపోయేవాళ్ళని మా ఊళ్ళో అందరం చూసేం. భుజాన సంచులు, కాళ్ళకి పుళ్ళు. మా వీధి ఆడవాళ్ళు చోడి అంబలి కాచి కుండలతో పట్టాల దగ్గర పెట్టేరు. ఆ రోజు ఎవరూ వాళ్ళ రాష్ట్రం అడగలేదు. నాకైతే మా తాతే నడిచొస్తున్నట్టు అనిపించింది.

ఇప్పుడు గరువు సంగతి. మా చుట్టుపక్కల ప్లాట్లు పడుతున్నాయి, మీకు తెలిసిందే. బ్రోకరు వచ్చి ఒక అంకె చెప్పేడు. అది విని మా ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. నేనూ పోలేదు. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి, బోరులో నీళ్ళు ఏటికేడూ కిందకి దిగుతున్నాయి, పాసింజరు బండి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అమ్మినవాళ్ళని నేను తప్పు పట్టను. ఆడపిల్ల పెళ్ళికి అమ్మినవాళ్ళున్నారు, ఆసుపత్రికి అమ్మినవాళ్ళున్నారు. మా అబ్బాయి "నీ ఇష్టం నాన్నా" అంటాడు, అంతకంటే ఏమీ అనడు.

మా ఊరివాళ్ళు ఇద్దరు గరువులు అమ్మి పట్నంలో గేటు దగ్గర కూర్చుంటున్నారు. పని చిన్నదని కాదు. వాళ్ళలో ఒకడు నాతో అన్న మాట చెప్తాను: "పన్నెండు గంటలు ఆ గేటు కాడే ఉంటాను బావా, లోపలున్నోళ్ళు ఏటి తింటారో కూడా నాకు తెల్దు." నాకు తెలుసు. ఏ ఇంట్లో ఎవరికి షుగరుందో, ఎవరి కోడలు నీళ్ళోసుకుందో, ఏ నేవీ కుర్రాడికి బదిలీ అయిందో నా గోనె దగ్గరే తెలుస్తుంది. గంపతో దిగితే నేను పట్నానికి రైతుని. గంప లేకుండా దిగితే అమ్ముకోడానికి నా ఒళ్ళు తప్ప ఏమీ ఉండదు. ఎనభై సెంట్లు నాకు ఇస్తున్నది ఆ తేడా. బ్రోకరు చెప్పిన అంకెలో దానికి ధర కట్టలేదు.

అందుకని ఇద్దరం కూర్చుని ఆలోచించుకుని, ఈ ఏటికి అమ్మడం లేదని బ్రోకరుకి చెప్పీసేం. నాలుగు రోజులు వెళ్ళేవాణ్ణి మూడు రోజులే వెళ్తాను. బరువు కాయలు తగ్గించి ఆకుకూర పెంచుతాను. గట్ల మీద మునగ పెడతాను, దానికి నీళ్ళ ఖర్చు తక్కువ. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూసుకుంటాం.

కొత్తవలస, పెందుర్తి వైపు చిన్న రైతులు ఎవరైనా ఇలాగ అమ్ముదామనుకుంటే కామెంటులో రాయండి. నా పుస్తకంలో ఉన్న కూరగాయల పేర్లన్నీ ఫోటో తీసి పెడతాను. అందరం ఒకే కాయ తీసుకెళ్ళి ఒకరి ధర ఒకరం పడగొట్టుకోకుండా, ఎవరు ఏటి వేస్తారో ముందే మాట్లాడుకుందాం. పోలాల అమావాస్య దగ్గర పడుతోంది. మంచి నాటు ఆనప విత్తనం ఉన్నవాళ్ళు చెప్పండి, పోయినేడు నేను దాచినది పురుగు పట్టింది.