కాలువల వెంట కోనసీమ

కడియపులంక

అక్కా,

రాజమండ్రిలో దిగి నేరుగా కడియం వచ్చేశాను. హైవే వదిలి లోపలికి తిరిగితే దారికి రెండు పక్కలా నర్సరీలే. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు అని బోర్డులు మారుతుంటాయి గానీ ఒక ఊరి మొక్కలు ఎక్కడ అయిపోయి ఇంకో ఊరివి ఎక్కడ మొదలయ్యాయో చెప్పలేం. తెల్లారేసరికి పూల మార్కెట్టులో కనకాంబరాలు, చామంతులు, లిల్లీలు కాటాల మీదికి ఎక్కుతుంటాయి. ఆ హడావుడి సద్దుమణిగాక తోటల్లో పడ్డాను.

ఒక తోటలో ఒకావిడ జామకి అంటు కడుతోంది. పెన్సిలంత కొమ్మ మీద అంగుళం వెడల్పున బెరడు ఉంగరంలా ఒలిచి, లోపలి జిగురు కత్తి వెనక వైపుతో గీకేసింది. తడిపి పిండిన నాచు పిడికెడు అక్కడ అద్ది, పైన పాలిథిన్ కాగితం చుట్టి, రెండు కొసలూ పురికొసతో బిగించింది. నేను చూస్తుండగానే నాలుగు కొమ్మలు అయిపోయాయి. వేళ్లు రావడానికి ఎన్నాళ్లు పడుతుందమ్మా అని అడిగాను. "వానల్లో అయితే నెలన్నరండి. ఇప్పుడైతే ఇంకాస్త ఆగాలి. కాగితంలోంచి వేళ్లు తెల్లగా కనపడతాయి కదండీ, అప్పుడు కోసేసి కవర్లో పెడతాం, ఆయ్" అంది. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఆగలేదు. లారీల్లో దేశమంతా వెళ్లే మొక్కల వెనక ఇలాంటి చేతులు వేలకొద్దీ ఉన్నాయి. రోడ్డు పక్కన ఆగి ఫొటోలు తీసుకునేవాళ్లకు పూలే కనబడతాయి గానీ ఈ చేతులు కనబడవు.

థాయ్‌లాండ్ నుంచి కంటైనర్లలో వచ్చిన పెద్ద పెద్ద ఫైకస్‌లు, రకరకాల పామ్‌లు కూడా చూశాను. వాటి మీద నాకు పెద్దగా మనసు పోలేదు.

మధ్యాహ్నం ధవళేశ్వరం వెళ్లాను. ఆనకట్ట చూడకుండా ఈ పచ్చదనం అర్థం కాదు. మన అనంతపురంలో గోదావరి జిల్లాల మాట వస్తే చాలు, "వాళ్లకేం, దేవుడు ఇచ్చాడు" అంటారు కదా. గోదావరి ఎప్పుడూ ఇక్కడే ఉంది. అయినా 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా, కరువులకీ వలసలకీ 1841 నాటికి ఐదున్నర లక్షల దగ్గరికి పడిపోయింది. నది నిండా నీళ్లుండి, పొలంలో చుక్క లేని కాలం అది. ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టించి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ ఆ తర్వాత కట్టింది. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టా కాలువ, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా కాలువ, విజ్జేశ్వరం నుంచి పడమటి డెల్టా కాలువ బయల్దేరతాయి. పొద్దున నేను చూసిన జామ కొమ్మ ఆ తూర్పు కాలువ నీళ్లు తాగే పెరిగింది.

నీ చెల్లెలు


అమలాపురం

అక్కా,

రావులపాలెం మీదుగా బస్సులో రావచ్చు. నేను మాత్రం కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటాను. మోటారు సైకిళ్లు, అరటి గెలలు, బడి పిల్లలు అందరం ఒకే బల్లకట్టు మీద. అవతల ముక్తేశ్వరంలో కాలు పెడితే కోనసీమ. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, కింద సముద్రం. ఇన్ని వంతెనలొచ్చినా ఇది దీవే. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. కోటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే లైను కోసం గౌతమిలో స్తంభాలైతే లేచాయి.

చిన్న ఊరు అక్కా. 2022లో కొత్త జిల్లాకి కేంద్రమైంది. దాంతో మెయిన్ రోడ్డు మీద రద్దీ పెరిగింది, కానీ వీధుల్లోకి వెళితే ఇంటి ముందు నందివర్ధనం, సంపెంగ, పొగడ, వెనక పెరట్లో అరటి, పంపరపనస, కంద, చామ. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఏ ఇంట్లోనూ నీళ్లు ఊరికే వీధిలోకి పోవు. స్నానాల గది నీళ్లు అరటి పాదుకి వెళతాయి, గిన్నెలు కడిగినవి చామ మడికి వెళతాయి. కాలువ పక్కనే ఉన్నవాళ్లకి నీటి మీద ఇంత శ్రద్ధ ఉందని చూసి మన ఊరు గుర్తొచ్చింది.

పి.గన్నవరం అక్విడక్టు చూసి వచ్చాను. వైనతేయ నది మీదుగా కాలువని మోసుకెళ్లే వంతెన అది. కింద నది, పైన కాలువ. అవతలి లంక భూములకి నీరందించడానికి 1850ల్లో నలభై తొమ్మిది ఆర్చీల మీద కట్టారు. 2000లో దాని పక్కన కొత్తది వచ్చింది. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆమె ఈ లంకల గన్నవరంలోనే అడిగినవాళ్లకి, అడగనివాళ్లకి కూడా జీవితమంతా అన్నం పెట్టిన ఇల్లాలు. 1909లో పోయారు. కాలువకి ఇంతకంటే తగిన పేరు దొరకదు.


అంబాజీపేట

అక్కా,

ఈ ఉత్తరం పొడుగవుతుంది, తీరిగ్గా చదువు. అమ్మకి కూడా వినిపించు.

పొద్దున టిఫిను పొట్టిక్కలు. నాలుగు పనసాకులు కొసలు కలిపి ఈనుపుల్లలతో గుచ్చి చిన్న బుట్ట అల్లుతారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పితే పనస వాసన పిండిలోకి దిగి ఉంటుంది. ఆకు ఈనెల గీతలు ఇడ్లీ మీద అచ్చుపడి కనిపిస్తాయి. బుట్టలు అల్లే ముసలావిడ పక్కన కూర్చుని చూశాను. మరీ లేతాకు పనికిరాదట, చిరిగిపోతుంది. ముదురాకేమో వంగదు. మధ్యస్థం ఆకు ఏరడంలోనే పనంతా ఉంది.

తర్వాత ఒక రైతు గారి కొబ్బరి తోటకి వెళ్లాను. నేను ఇంత దూరం వచ్చింది దీని కోసమే అనిపించింది. పైన ఎక్కడో కొబ్బరి మట్టలు. వాటి కింద వక్క, పనస. కొబ్బరి మొదళ్లకి పాకిన మిరియం తీగలు. ఆ నీడలో కోకో. ఇంకా కింద కర్పూర చక్రకేళి, కంద, పసుపు. ఒకటే నేల, ఒకటే కాలువ నీరు, ఎండ మాత్రం ఒక్కో అంచెలో ఒక్కో పాలు. నడుస్తుంటే కోకో ఆకులు కాళ్ల కింద మెత్తగా పరుచుకుని ఉన్నాయి, మట్టి ఎక్కడా కనపడదు. ఆ ఆకు కుళ్లి ఎరువవుతుంది, తేమ పోనివ్వదు.

కోకో పువ్వుని నువ్వు చూసి తీరాలి. కొమ్మ చివర పూయదు. ముదురు మాను మీదే, బెరడులోంచి నేరుగా, గోరంత కూడా లేని తెల్లటి పువ్వులు వస్తాయి. అంత చిన్న పువ్వు దగ్గర జానెడు కాయ కాస్తుంది. కంటికి ఆనని చిన్న ఈగలు వాటికి పుప్పొడి అందిస్తాయి. ఆ ఈగలు పెరిగేది కింద కుళ్లే ఆకుల్లోనే. ఆకు ఊడ్చేసి తోట శుభ్రంగా పెట్టుకుంటే కాయ తగ్గుతుందన్న మాట. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. అది కూడా ప్రధానంగా గోదావరి జిల్లాల కొబ్బరి నీడల్లోనే.

కొబ్బరిలో రకాలు అడిగాను. దేశవాళీ పొడుగు చెట్టు, ఆకుపచ్చ పొట్టి రకం గంగబొండం. ఈ రెండింటినీ కలిపి ఇక్కడి పరిశోధన స్థానం వాళ్లు గోదావరి గంగ అనే సంకరం తీశారు. అది ముందే కాపుకొస్తుంది. దింపు తీసిన కాయలో కొంత కురిడీకి పెడతారు. అటకల మీద నెలల తరబడి ఉంచితే లోపలి నీరంతా ఇగిరి, కొబ్బరి చిప్ప నుంచి విడిపోయి గుండులా ఉంటుంది. చేత్తో ఊపితే లోపల కదిలే చప్పుడు వినబడుతుంది. పేపర్లో అంబాజీపేట ధరల్లో గండేరా, గటగట అని రాస్తారు చూడు, అవి ఈ కురిడీ రకాల పేర్లే. లెక్క వెయ్యి కాయలకి.

అయితే తోట పైకి కనపడినంత నిశ్చింతగా లేదు. రైతు గారు ఒక మట్ట వంచి ఆకు అడుగు భాగం చూపించారు. తెల్లటి మైనం పొడితో గుండ్రంగా చుట్టలు చుట్టలుగా గీసినట్టు గీతలు. సర్పిలాకార తెల్లదోమ పెట్టిన గుడ్లు అవి. దాని కింది ఆకులన్నీ మసి పట్టి నల్లగా ఉన్నాయి. దోమ కార్చిన తేనెలాంటి జిగురు మీద బూజు పెరుగుతుంది. 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో మొదట గుర్తించారు దీన్ని. ఆ వెంటనే మన దగ్గర కడియం నర్సరీల్లో కనపడి, అక్కడి నుంచి తోటల్లోకి పాకింది. "మందు కొడితే దాన్ని తినే పురుగులు కూడా చస్తాయండి. అందుకే స్టేషన్ వాళ్లు ఇచ్చే శిలీంధ్రం నీళ్లలో కలిపి కొడుతున్నాం" అన్నారాయన. దోమకి జబ్బు తెప్పించే బూజు అది, పేరు ఇసారియా. మనలాంటి మొక్కల పిచ్చివాళ్లం ఎక్కడో దొరికిన మొక్కని ముచ్చటపడి సంచిలో వేసుకొస్తాం. ఆకు తిప్పి చూడకుండా ఇకమీదట ఇంట్లోకి ఏదీ రానివ్వద్దు అక్కా.

ఇంకో బెంగ చెరువులు. తోట గట్టు అవతల నిన్నటిదాకా వరి ఉన్న చేలో ఇప్పుడు వనామీ రొయ్యల చెరువు. బోరు వేసి ఉప్పునీరు తోడి నింపుతారు. అది గట్టు దాటి ఊరుతుంది, మురుగు కాలువలో కలుస్తుంది. పక్క తోటలో పిందె రాలిపోతుంది, వరి నారు ఎర్రబారుతుంది. రొయ్యలో డబ్బు ఉంది, కాదనను. వరి గిట్టక ఈ సీమ రైతులు 2011లో పంట విరామమే ప్రకటించారు. ఆ కడుపుమంట తెలియకుండా చెరువు తవ్వినవాణ్ణి తప్పుపట్టడం అన్యాయం. కానీ 1996 నవంబరు తుపానులో లక్షల కొబ్బరి చెట్లు కూలిపోతే, మళ్లీ నాటి ఆరేడేళ్లు కాపు కోసం కాచుకున్న మనుషులు వీళ్లు. తుపాను తర్వాత నేల మిగిలింది కాబట్టి నాటారు. ఉప్పు దిగిన నేలలో దేన్ని నాటతారు? నూట డెబ్భై ఏళ్లుగా కాలువలు తీపి నీటితో తయారు చేసిన నేల ఇది. దీన్ని ఒకరి తర్వాత ఒకరు ఉప్పు చేసుకుంటూ పోతుంటే చూస్తూ ఊరుకోకూడదు. చెరువులకి హద్దు గీయాలి, ఆ హద్దు నిలబెట్టాలి.


అంతర్వేది

అక్కా,

నరసింహస్వామి దర్శనం చేసుకుని వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి నడిచాను. ఇక్కడ కొబ్బరి పలచబడి సరుగుడు తోపులు, తాళ్లు, మొగలి పొదలు వచ్చాయి. ఇసుక మీద మేక గిట్టలాంటి ఆకుతో ఊదాపూల తీగ బారలకొద్దీ పాకి, కణుపు కణుపుకీ వేరేసి దిబ్బని పట్టి ఉంచుతోంది. దాన్ని పీకేసిన చోట గాలికి ఇసుక లేచిపోతోంది. సముద్రం ఏటా ముందుకొస్తోందని జాలర్లు చెప్పారు. ఎగువ ఆనకట్టల దగ్గరే ఒండ్రు ఆగిపోతుంటే ఇక్కడి తీరానికి కొత్త మట్టి ఎక్కడి నుంచి వస్తుంది?


కోరంగి

అక్కా,

యానాం మీదుగా మళ్లీ గౌతమి దాటి మడ అడవికి వచ్చాను. 1978 నుంచి అభయారణ్యం. 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడిచాక పడవ ఎక్కాను. తెల్ల మడ, నల్ల మడ, ఉప్పు పొన్న, కళింగ, తిల్ల. పడవ నడిపే అబ్బాయి పేర్లన్నీ చెప్పాడు. తిల్ల దగ్గర చెయ్యి పెట్టబోతే "వద్దండీ, పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అని ఆపాడు. మడ ఆకు ఒకటి తెంపి నాలుకకి ఆనించమన్నాడు. ఉప్పగా ఉంది. వేళ్లతో తాగిన ఉప్పుని ఆకులోంచి బయటికి చెమర్చేస్తుందిట. ఉప్పు పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, జానెడు పొడుగు మొలకతో సహా బురదలో పడి నాటుకుంటుంది. నేల లోపల గాలి ఆడదు కాబట్టి మడ వేళ్లు పుల్లల్లా బురద పైకి లేచి గాలి పీల్చుకుంటాయి.

ఈ అడవిలో కూడా కాలువలు తవ్వారు! నరికివేతకి గురైన చోట ఆటుపోటు నీరు లోపలికి రాక, ఉన్న నీరు ఎండి, ఉప్పు పేరుకుని మడ మొలవడం మానేసింది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు, అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటుకి నీరు వచ్చి, పాటుకి ఉప్పు కడుక్కుని పోయేలా చేసి, గట్ల వెంట మడ నాటారు. ఇప్పుడు ఆ గట్ల మీద దట్టమైన అడవి. బావురుపిల్లి కనపడలేదు గానీ బురదలో దాని అడుగులు చూపించాడు. పైన కోనసీమకి తీపి నీరు తెచ్చినట్టే ఇక్కడ ఉప్పునీటికి దారి చూపించారు. రెండు చోట్లా మనిషి పార పట్టి, ఏ నేలకి ఏ నీరు కావాలో తెలుసుకుని పని చేశాడు.


సామర్లకోట

అక్కా,

రైలు ఇక్కడే ఎక్కుతాను. విలియం రాక్స్‌బరో అనే డాక్టరు 1780ల్లో ఈ ఊళ్లో కంపెనీ కోసం మొక్కల తోట వేశాడు. మిరియం, చెరకు, నీలిమందు పెంచి చూశాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచిన ఉప్పెనలో ఆయన కాగితాలు, ఎండు మొక్కలు కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటి నుంచి సేకరించాడు. తర్వాత లండన్‌లో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ మొక్కల పుస్తకంలో మూడు వందల బొమ్మలున్నాయి. ఆ బొమ్మలు గీసింది మనవాళ్లే. లాటిన్ పేరు పక్కన ఆయన తెలుగు పేరు కూడా రాసిపెట్టాడు. ఏ తోటమాలినో, ఏ పసులకాపరినో అడిగే ఉంటాడు ఆ పేర్లు. అందుకే నేను కూడా అడిగిన ప్రతి పేరూ నోటుబుక్కులో తెలుగులోనే రాసుకున్నాను.

కొబ్బరి మొక్క తేవడం లేదు. దానికి ఏడాది పొడుగునా నీళ్లు కావాలి. చీనీ చెట్లకే చాలని మన బోరు దాన్ని పోషించలేదు. హంద్రీ-నీవా నీళ్లు మన వైపు చెరువుకి నిలకడగా వచ్చిన నాడు ఆలోచిద్దాం. పొగడ మొక్క, నేరేడు అంట్లు, చక్రకేళి పిలకలు పార్సిల్ వేశాను. ఆకులన్నీ తిప్పి చూశాకే కట్టించాను. అవి వచ్చేలోగా పొగడకీ నేరేడుకీ రెండడుగుల గుంతలు తవ్వించి ఎండనివ్వు. అరటి గుంత మాత్రం స్నానాల గది వెనకే కావాలి. ఆ నీళ్లు వీధిలోకి పోకుండా గుంత దాకా చిన్న కాలువ తీయమని నాయనతో చెప్పు.

నీ చెల్లెలు