తల్లి వృత్తి: గృహిణి

కళాశాలలో చేరుటకు వ్రాసిన మొదటి దరఖాస్తులో "తల్లి వృత్తి" అన్న గడి ఎదుట నేను "గృహిణి" అని వ్రాశాను. ఆ దరఖాస్తుతోబాటు కట్టిన రుసుము మా అమ్మ బీడీలు చుట్టి కూడబెట్టినది. ధర్మపురిలో మా ఇంటి అరుగుమీద, ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, పొద్దుగూకేదాకా ఆమె కూర్చునేది. వ్రాసినది చదివి వినిపిస్తే ఆమె కూడ కాదనలేదు. "గిదేం నౌకరి బిడ్డా, ఇంట్ల కూసోని చేసుడే గదా" అన్నది.

ఆ అబద్ధం చిన్నదేనని చాలాకాలం అనుకొన్నాను. మా ఊరు శేషప్ప కవి ఊరని తరగతిలో గర్వంగా చెప్పేవాణ్ణి; బీడీలు చుట్టే చేతుల ఊరని ఏనాడూ చెప్పలేదు. కుటుంబాన్ని గూర్చీ, శ్రమను గూర్చీ ఆర్థికవేత్తలు చేసిన పరిశోధనలు చదివిన తరువాతనే, ఆ అబద్ధం మా ఇంటితో ఆగినది కాదని తెలిసింది.

అమెరికా ఆర్థికవేత్త గారీ బెకర్ 1981లో కుటుంబాన్ని గూర్చి పెద్ద గ్రంథం ప్రకటించాడు. 1992లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఎవరు ఏ పనిలో సమర్థులో వారు ఆ పని చేస్తే కుటుంబమంతా లాభపడుతుందనీ, అందువల్లనే ఒకరు ఇంటిపనికీ మరొకరు బయటి సంపాదనకూ అలవాటు పడతారనీ ఆయన వాదం. వినడానికి ఇంపుగానే ఉన్నది. కాని ఈ లెక్కలో మా అరుగు ఏమిటి? ఇల్లా, కార్ఖానాయా? యజమాని షెడ్డు కట్టలేదు, దీపం పెట్టలేదు. ఆకు తడిపే నీళ్లు కూడ మా ఇంటివే. ఆకు చాలకపోతే కొన్నది అమ్మ. నాసివని బీడీలు ఏరి పారవేస్తే ఆ నష్టం భరించినదీ అమ్మే. బడినుండి వచ్చి నేను బీడీల కొసలు మడిచేవాణ్ణి. కూలి ఒకరిది, పని ఇంటిల్లిపాదిది! వ్యాపారం ఖర్చును కుటుంబం మోసింది. ఆ మోతకే మనం "ఇంటిపని" అని పేరు పెట్టాం.

ఇది బీడీలకే పరిమితం కాదు. పశ్చిమ గోదావరి నరసాపురంలో లేసు అల్లే స్త్రీలను పరిశీలించి జర్మనీకి చెందిన మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. వారల్లిన లేసు విదేశాలకు పోయేది, వ్యాపారం పురుషులది. అల్లినవారు మాత్రం తీరికవేళ పొద్దుపుచ్చే గృహిణులుగానే చలామణి అయ్యారు. తీరికవేళ పనికి పూర్తి కూలి ఎవరిస్తారు? 2023లో నోబెల్ పొందిన క్లాడియా గోల్డిన్ కూడ, అమెరికా పాత జనాభా లెక్కలలో వృత్తి ఎదుట "భార్య" అని వ్రాసినచోట, పొలంలోను ఇంటి వ్యాపారంలోను ఆ స్త్రీ చేసిన శ్రమ లెక్కలోనికి రాకుండా పోయిందని చూపింది. అక్కడి గణకుడు "భార్య" అన్నాడు, ఇక్కడ కొడుకు "గృహిణి" అన్నాడు. చేసిన పని ఒక్కటే.

చట్టం మాత్రం గుర్తించింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటివద్ద చుట్టేవారిని కూడ కార్మికులే అన్నది. వారికి భవిష్యనిధి వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే హక్కు చేతికి అందాలంటే కాగితంలో పేరుండాలి. మా అమ్మ చుట్టిన బీడీలు ఏళ్ల తరబడి మరొకామె కార్డుమీద జమ అయ్యాయి. టేకేదారు పేరు ఎక్కించలేదు. తాను కార్మికురాలనని తానే అనుకోని అమ్మ అడుగలేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల పింఛను ప్రారంభించినప్పుడు భవిష్యనిధి నమోదు కావలసి వచ్చింది. అమ్మ వద్ద ఉన్నవి కాయలు కాచిన వేళ్లు మాత్రమే.

కాబట్టి సర్వేలకు బయలుదేరే విద్యార్థి మిత్రులకు ఒక మనవి. "మీరు ఏం పని చేస్తారు?" అని అడిగి, "ఏం లేదు" అన్న జవాబు వ్రాసుకొని లేచిపోకండి. నిన్న లేచింది మొదలు ఏమేమి చేశారు, సరుకు ఎవరికి పోయింది, కూలి ఎవరిచ్చారు, నష్టం ఎవరు భరించారు అని అడగండి. మా కళాశాల దరఖాస్తులో ఆ గడి ఇంకా ఉన్నది. దాని ముందు కలం ఆపి నిలబడిన పిల్లలను ఇప్పుడు నేను అడుగుతున్నది కూడ ఇదే.