నీళ్ళ మీద కాపురం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దవాళ్ళు. పాత పడవ కొని చూడు అని ఎందుకు అనలేదో గానీ, ఆ రెండు కష్టాలూ ఇందులో ఒక్కచోటే ఉన్నాయి సుమండీ!

లండన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అక్క కూతురు, అక్కడి అద్దెలు భరించలేక, ఓ పాత మోటారు పడవ కొనుక్కుని కాలవలోనే ఉంటానంది. మా అక్క లబలబలాడింది. "ఒంటరి ఆడపిల్ల నీళ్ళ మీద ఉండటమేమిటే! నువ్వెలాగూ వెళ్తున్నావుగా, మాన్పించి రా" అంటూ భారం నా మీద పెట్టింది. పిల్ల కూడబెట్టుకున్నదంతా అందులోనే పోస్తోందాయె!

ఈ సరదా కొత్తదేం కాదు. రోల్ట్ అనే ఇంజనీరు 1939లో కొత్త భార్యతో క్రెసీ అనే పాత కర్ర పడవలో కాపురం పెట్టి, 1944లో ఆ ముచ్చట్లన్నీ పుస్తకంగా వేశాడు. ఇప్పటివి ఇనుప పడవలు. సరుకులు మొయ్యడానికి ఎప్పుడో తవ్విన ఆ కాలవల్లో చాలా లాకులు 7 అడుగుల వెడల్పే. అందుకని పడవ 6 అడుగుల 10 అంగుళాలు. మన రైలుపెట్టె కన్నా సన్నం! పొడవు 57 అడుగులు మించకపోతే దాదాపు ఏ కాలవలోకైనా పోవచ్చట.

మొదట చూసిన పడవ పెళ్ళికూతురిలా ఉంది. తలుపుల మీద గులాబీలు, కిటికీలకి లేసు తెరలు, తళతళలాడే ఇత్తడి సామాను. నేను తెరలు చూస్తుంటే మా పిల్ల వెనకవైపు చెక్క ఎత్తి, ఇంజను మీద చెయ్యి పెట్టి చూసింది.

"అదేమిటే?"

"వెచ్చగా ఉంది పిన్నీ. మనం రాకముందే స్టార్టు చేసి ఉంచారు. చల్లటి ఇంజను ఒక్కసారికి అందుకుంటుందో లేదో ఇప్పుడెలా తెలుస్తుంది?"

అమ్మేవాడు సేఫ్టీ సర్టిఫికెట్టు తీసి చూపించాడు. అది నాలుగేళ్ళకోసారి గ్యాసూ, వైర్లూ, పొయ్యీ చూసి ఇచ్చేది. పడవ అడుగు సంగతి అందులో ఉండదు. అందుకని సొంత ఖర్చుతో సర్వే చేయించింది మా పిల్ల. పడవని నీళ్ళలోంచి పైకెత్తించి, కడుపులో బిడ్డని చూసే స్కానింగులో లాంటి శబ్దతరంగాలతో రేకు మందం కొలిచారు. 6 మిల్లీమీటర్లు ఉండాల్సింది కొన్నిచోట్ల 3 దగ్గరికి వచ్చింది. 4కి తగ్గితే చాలా బీమా కంపెనీలు మొహం తిప్పుకుంటాయి. సర్వే డబ్బులు పోయాయి, పోతే పోయాయి. దాచుకున్నది మిగిలింది.

రెండో పడవ 1989లో చేసింది. రంగు పెచ్చులూడి, చూడ్డానికి ఏడుపుమొహంగా ఉంది. కానీ దాని ముసలి యజమాని ఓ నోటుపుస్తకం తీసిచ్చాడు. అడుగున రెండు మూడేళ్ళకోసారి తారు పూయించినది, ఇంజనుకి నూనె మార్చినది, అంతా తేదీలతో సహా రాసి ఉంది. మన ఇళ్ళల్లో పాలపద్దు రాసుకున్నట్టే! ఇంజను చల్లగా ఉంది, రెండు దగ్గులు దగ్గి అందుకుంది. సర్వేలో రేకూ నిలబడింది.

కొన్నాక సుఖమేననుకునేరు! సొంత రేవు లేనివాళ్ళు ఒకేచోట 14 రోజులు దాటి ఉండకూడదు. నీళ్ళు తనే పట్టుకోవాలి, పాయిఖానా పెట్టె తనే మోసుకెళ్ళి ఖాళీ చెయ్యాలి. చలికాలం బొగ్గుపొయ్యి వెలిగిస్తే విషవాయువు భయం. దాన్ని పసిగట్టి కూసే అలారం 2019 నుంచీ పడవల్లో తప్పనిసరి చేశారు.

ఇవన్నీ విన్నాక మాన్పించడానికి నాకు నోరు రాలేదు. తెరలు చూసి మురిసిపోయే పిల్ల అయితే మాన్పించేదాన్నే. ఇది నేలచెక్క ఎత్తి చూసే పిల్ల. మనలో ఎంతమందిమి సంబంధాలు కుదిర్చేటప్పుడు అలా ఎత్తి చూశాం, మీరే చెప్పండి?

నేను బయల్దేరే ముందురోజు ఆ నోటుపుస్తకం తెరిచింది. ముసలాయన రాత ఆగినచోట గీత గీసి, తేదీ వేసి, తన మొదటి పద్దు రాసుకుంది: నీళ్ళు పట్టాను.