మొహ్లత్, మాఫీ, భయ్యా బండి

2020లో రిజర్వ్ బ్యాంక్ మా ఇంట్లోకి రెండుసార్లు వచ్చింది. రెండూ జుమా రోజులే. మొదటిసారి మార్చి 27. రెండోసారి మే 22, రమ్జాన్ నెలలో అల్విదా జుమా. మస్జిద్‌లు బంద్. అబ్బా ఇంట్లోనే జానమాజ్ పరుచుకుని జొహర్ చదువుకుంటున్నారు. ముందు గదిలో టీవీ గొంతు తగ్గించి నేను గవర్నర్ శక్తికాంత దాస్ మాటలు వింటున్నా.

నేను కరీంనగర్లో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్తాను. అందుకని మా ఖాందాన్‌లో పైసల మాట ఏదొచ్చినా నన్నే అడుగుతారు. నా జీతం ఆ నెలల్లో సగమే వచ్చేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు, అది వేరే కథ.

మార్చి 27 సాయంత్రం ఆదిలాబాద్ నుంచి భయ్యా ఫోన్. "ఛోటీ, కిస్తీలు మాఫ్ చేసిన్రంట గదా?"

"మాఫీ కాదు భయ్యా, మొహ్లత్. మూడు నెలలు కట్టకున్నా డిఫాల్ట్ అనరు."

"తీస్కోవాల్నా మరి?"

"తీస్కో" అన్నాను. ఇంకేం ఆలోచించలేదు. ఆ ఒక్క మాట నన్ను ఎన్ని రాత్రులు నిద్రపోనియ్యలేదో!

భయ్యాకు ఆదిలాబాద్‌లో ట్రాలీ ఆటో ఉంది. పత్తి సీజన్‌లో జైనథ్, బేల, తలమడుగు వైపు ఊర్ల నుంచి మార్కెట్ యార్డుకు పత్తి, మిగతా నెలల్లో కూరగాయలు, షాదీల డేరా సామాన్. 2019 అక్టోబర్‌లో భాబీ గాజులు అమ్మి ముందు పైసలు కట్టి, ఒక ఫైనాన్స్ కంపెనీలో 4 లక్షల 80 వేల ఖర్జ్ తీసుకున్నాడు. 15 శాతం సూద్, 48 నెలలు, నెలకు 13,360. నాలుగు కిస్తీలు కట్టాడో లేదో లాక్‌డౌన్ పడింది.

మా కరీంనగర్లో అయితే దేశం కన్నా ముందే తలుపులు మూశారు. ఇండోనేషియా జమాత్ వాళ్ళకు పాజిటివ్ అని తేలాక ముకరంపుర వైపు కదలనివ్వలేదు. తర్వాత నెలల్లో భయ్యా బండికి కిరాయి దొరకకపోవడానికి లాక్‌డౌన్ ఒక్కటే వజహ్ కాదు. బండి మీద రాసుకున్న 786 చూసి వెనక్కి పోయినవాళ్ళూ ఉన్నారు. భయ్యా ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, భాబీ చెప్పింది.

సరే, రిజర్వ్ బ్యాంక్ ఏం చేసింది? రెపో అంటే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే అప్పు మీద రేటు. మార్చిలో దాన్ని 5.15 నుంచి 4.40కి, మేలో 4 శాతానికి దించింది. కిస్తీల మొహ్లత్‌ను మే 31 నుంచి ఆగస్టు 31 దాకా పెంచింది. బ్యాంకులకు పైకం సస్తా అయితే అవి మనకు సస్తాగా ఇస్తాయి, మనం కొంటాం, దుకాన్లు తెరుచుకుంటాయి, మజ్దూర్‌కు పని దొరుకుతుంది. నేను ఏటా బోర్డు మీద బాణం గుర్తులు గీసి చెప్పే పాఠం ఇదే. బాణాలు ఎంత సీదాగా ఉంటాయో!

కానీ బ్యాంకులకు ఖౌఫ్ పట్టుకుంది. ఎవరికి ఇస్తే ఎవరు ఎగ్గొడతారో అని పైకం తెచ్చి మళ్ళీ రిజర్వ్ బ్యాంక్‌లోనే పెట్టాయి. ఏప్రిల్ 15న అలా తిరిగొచ్చింది 6.9 లక్షల కోట్లని గవర్నర్ గారే చెప్పారు. ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశం కమాయి అంతకుముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని ఆగస్టు 31న లెక్క వచ్చింది. సరిగ్గా మొహ్లత్ ఖతమైన రోజు.

ఆ రాత్రి నేను భయ్యా హిసాబ్ వేశాను. మార్చిలోనే వెయ్యాల్సిన హిసాబ్. నాలుగు కిస్తీల తర్వాత ఇంకా ఉన్నది 4 లక్షల 50 వేలు. ఆరు నెలలు కట్టనందుకు దాని మీద సూద్, సూద్ మీద సూద్ కలిసి 34,800 పైన. అంటే ఇప్పుడు బాకీ 4 లక్షల 85 వేలకు దగ్గర. తీసుకున్న అసల్ కన్నా ఎక్కువ! 44 మిగలాల్సిన కిస్తీలు 49 అయ్యాయి. 2023 అక్టోబర్‌లో ఖతమ్ కావాల్సింది 2024 సెప్టెంబర్‌కు పోయింది.

"మరి వడ్డీ తగ్గిందని టీవీల చెప్పిన్రు గదా ఛోటీ?" అన్నాడు భయ్యా.

తగ్గింది. ఎవరికి తగ్గిందంటే, రెపోకు ముడిపెట్టిన ఇంటి లోన్లవాళ్ళకు. భయ్యాది ఫిక్స్‌డ్ రేటు. దేశంలో రెపో ఎక్కడికి దిగినా ఆ కాగితం మీద 15 అని రాసింది 15గానే ఉంటుంది. మా ఇంట్లోకి ఆ తగ్గింపు ఒక్క తలుపు నుంచే వచ్చింది, అబ్బా డిపాజిట్ల నుంచి.

అబ్బా ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైర్ అయ్యారు. వచ్చిన దాంట్లో 8 లక్షలు ముక్కలు ముక్కలుగా బ్యాంక్‌లో పెట్టారు. సూద్ తినరు. ఏటా ఎంత పడిందో లాల్ కాపీలో రాసి, సవాబ్ నియ్యత్ లేకుండా మా గలీలో ఒక బేవా ఖాలాకు కిరాయి కోసం నెలనెలా ఇచ్చేస్తారు. ఆరున్నర శాతం ఉన్నప్పుడు ఏడాదికి 52 వేలు. 2020 జూన్‌లో రెన్యువల్ చేస్తే 5.6. అంటే 44,800. నెలకు 600 తక్కువ. రెపో అన్న మాట జిందగీలో వినని ఆ ఖాలా ఇంట్లో తగ్గింది ఆ ఆరొందలు.

సెప్టెంబర్‌లో కిస్తీలు మళ్ళీ మొదలయ్యాయి. బండి నెలల తరబడి నిలబడి టైర్లు, బ్యాటరీ ఖరాబ్. ఇన్సూరెన్స్ గడువు అయిపోయింది. డీజిల్ జూన్ 7 నుంచి రోజూ పెరుగుతూ పోయింది. అమ్మీ ఒకరోజు మగ్రిబ్ తర్వాత నెమ్మదిగా అంది, "అజీ, ఆ సూద్ పైసలు ఈ సూద్‌కే పోనీయరాదూ. హరామ్ హరామ్‌లకే పోతది గదా."

అబ్బా చాలాసేపు ఖామోష్. నేనూ అమ్మీ వైపే ఉన్నాను, నిజం చెప్పాలంటే. నా మాట విని భయ్యా మునిగాడు కదా, ఎక్కడినుంచైనా తేలాలి.

"అవి నావి కావు" అన్నారు అబ్బా. "నావి కానివి నా కొడుక్కు ఎట్ల ఇస్త?"

మర్నాడు 50 వేల డిపాజిట్ ఒకటి గడువుకు ముందే తెంపించారు. బ్యాంకు కొంత జుర్మానా పట్టుకుంది. తెచ్చి లాల్ కాపీ చివరి పేజీ తెరిచి నన్ను రాయమన్నారు: ఖర్జె హసనా, 50,000, 2021 జనవరి నుంచి నెలకు వెయ్యి, సూద్ లేదు. "బాప్ బేటాల మధ్య రాతెందుకు?" అంది అమ్మీ. "ఖర్జ్ అన్నంక రాయాలె" అన్నారు. మామూ, పక్కింటి చాచా దస్తఖత్ పెట్టారు.

నవంబర్ మొదట్లో భయ్యా ఖాతాకు కేంద్ర ప్రభుత్వం సూద్ మీద సూద్ మాఫీ కింద జమ చేయించింది. వెయ్యి మీద కొంత చిల్లర. 34 వేల అసలు సూద్ మాత్రం అలాగే ఉంది. భయ్యా ఆ మెసేజ్ నాకు పంపి, కింద నవ్వు బొమ్మ పెట్టాడు. నాకు నవ్వు రాలేదు.

2021 జనవరి 21న సెన్సెక్స్ 50 వేలు దాటింది. 2020 మార్చి 23న ఒక్కరోజులో 3,935 పాయింట్లు పడి 25,981 దగ్గర ఆగిన బజార్! హైదరాబాద్‌లో ఉండే మామూ కొడుకు ఏప్రిల్‌లో ఫోన్‌లోనే డీమ్యాట్ ఖాతా తెరిచి కొన్నాడు. పది నెలల్లో రెట్టింపు. "ఎవరి హక్కూ కొట్టలేదు గదా ఆపా" అన్నాడు. కొట్టలేదు. వాడి మీద నాకు కోపం లేదు, కొంచెం హసద్ ఉండొచ్చు.

భయ్యాకు మాత్రం సమజ్ కాలేదు. "నా బండి ఖాళీగుంటే ఆ బజార్ ఎట్ల పెరుగుతది?" ఏం చెప్పను? అమెరికా ఫెడ్ కూడా తన రేటును దాదాపు సున్నాకు దించింది. ఎటూ మునాఫా దొరకని పైకం ప్రపంచమంతా తిరిగి పెద్ద కంపెనీల షేర్ల మీద వాలింది. చిన్న దుకాన్ మూతబడితే దాని గిరాకీ పెద్ద కంపెనీకే పోతుంది, ఆ కంపెనీ షేరు పెరుగుతుంది. బజార్ కొనేది రేపటి కమాయిని. జైనథ్ రోడ్డు మీద ట్రాలీకి షేర్ ఉండదు కదా, దాని ఈరోజు ఖాళీ ఆ లెక్కలో ఎక్కడా పడదు. ఆ సీజన్‌లో వానలకు పత్తి తడిసింది. 8 శాతం తేమ దాటితే మద్దతు ధర 5,825లో కోత, 12 దాటితే సీసీఐ అసలు కొనదు. రైతు యార్డు బయట బండి నిలబెట్టుకుని ఇంతెజార్ చేస్తే భయ్యాకు రోజుకు ఒకటే ట్రిప్పు.

2022 మే నుంచి రిజర్వ్ బ్యాంక్ రెపో పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికి 6.5కు తెచ్చింది. ఇంటి లోన్ ఉన్న నా తోటి లెక్చరర్లు హైరాన్. భయ్యా కిస్తీ అదే 13,360. ఫిక్స్‌డ్ అన్న మాట మొదటిసారి మాకు పనికొచ్చింది! ఖాలా కిరాయి పైసలు కూడా కొంచెం పెరిగాయి.

2024 సెప్టెంబర్‌లో ఆఖరి కిస్తీ కట్టాడు. ఎన్‌ఓసీ కాగితం చేతికొచ్చాక నిర్మల్ మీదుగా ఆ బండిలోనే కరీంనగర్ వచ్చాడు, భాబీనీ పిల్లల్నీ ఎక్కించుకుని. అమ్మీ దస్తర్‌ఖాన్ పరిచింది. భయ్యా ముందు జేబులోంచి వెయ్యి తీసి అబ్బాకు ఇచ్చాడు. "ఇంక చాలు, వదిలెయ్యండి" అంది అమ్మీ. అబ్బా ఏదో అనబోతే భయ్యానే చెయ్యి అడ్డం పెట్టాడు. నేను కాపీ తెరిచి రాశాను: 45వది, బాకీ 5,000.

అన్నం తింటూ, "కరెంటు ట్రాలీలు వస్తున్నయ్ ఛోటీ, డీజిల్ ఫికర్ ఉండదు. ఇప్పుడు వడ్డీ ఎంతుంది?" అన్నాడు.

"రెపో ఆరున్నర. నీకు ఎంత చెప్తరో ముందు కాగితం మీద రాయించుకొని రా. సంతకం పెట్టకు" అన్నాను.

అబ్బా ఏమీ అనలేదు. బగారా గిన్నె భయ్యా వైపు జరిపారు.