పాలు విరిచెడి సీమలో

పాలు పొంగిన శుభమనియు, విరిగిన అశుభమనియు మనము పసితనమునుండి వినుచున్న మాట. క్రొత్తయింట మొట్టమొదట పొయ్యిపై పొంగించునవి పాలే. అట్టి పాలు కన్నులయెదుట ముక్కలు ముక్కలై నీరు వేరు పడినచో, ఇల్లాలి గుండెయు వానితోపాటు విరుగును. అయితే, కోరి పాలను విరిచి, ఆ విరిగినదానితోనే అతిథులను గౌరవించెడి సీమ యొకటి కలదు. దానిని మేము గత వేసవిసెలవులలో కన్నులార చూచి వచ్చితిమి. ఆ ముచ్చట మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా మా యింటి సంగతి యొకటి చెప్పక తీరదు. రెండేండ్ల క్రిందట చైత్రమాసమున మా ఆడుబిడ్డను చూచుటకు పొరుగూరినుండి పెద్దలు వచ్చిరి. వారు వసారాలో కూర్చుండగా మేము కాఫీకై పాలు పొయ్యిమీద నుంచితిమి. తెల్లవారుజామున పిదికిన పాలు. ఎండ మిక్కుటముగా నుండెను. పొంగు రాకమునుపే విరిగిపోయినవి. పొరుగింటినుండి పాలు తెచ్చి కాఫీ యిచ్చితిమి గాని, అత్తగారి మోము వాడిపోయినది. ఆ సంబంధము కుదరలేదు. వారు అడిగిన లాంఛనములు బడిపంతులు జీతమునకు అందునవి కావు. అయినను ఆ మాట మా యింట ఎవరును పైకి అనలేదు. “ఆనాడు పాలు విరిగినవి” అను మాట మాత్రము నిలిచిపోయినది. ఆ పాలు పొయ్యిమీద పెట్టిన చేయి మాది. ఎవరును మమ్ము నిందింపలేదు; నిందింపకుండుటయే మాకు మరింత భారమైనది. నాటినుండి అతిథులు వచ్చినపుడు అత్తగారు పాలగిన్నెను మా చేతికి ఇచ్చుట మానిరి.

మా మరిదిగారు ఖరగ్‌పూరులో రైల్వే కార్ఖానాయందు ఉద్యోగులు. కుమారుని చూడవలెనని అత్తగారు చాలకాలముగా కోరుచుండుటచే, బడికి సెలవులిచ్చిన వెంటనే మావారు, అత్తగారు, ఆడుబిడ్డ, మేము రాజమహేంద్రవరమున రాత్రి బండి యెక్కి మరునాడు అచట దిగితిమి. ఆ స్టేషనులోని ప్లాట్‌ఫారము ఒకప్పుడు లోకములోకెల్ల పొడవైనదిగా పేరొందినది. దాని పొడవు 1072 మీటర్లు. నేడు ఆ పేరు 1507 మీటర్ల పొడవుగల కర్ణాటకమందలి హుబ్బళ్లి ప్లాట్‌ఫారమునకు దక్కినది. కాని మాకు పొడవుకంటె వింతయైనది వేరొకటి. ఎటు చూచినను తెలుగే వినవచ్చినది. బెంగాలు నాగపూరు రైల్వే నాటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపునుండి పనులకై వచ్చిన తెలుగు కుటుంబములు అచట తరములుగా స్థిరపడియున్నవి. కూరలమ్మి సైతము మాతో తెలుగున బేరమాడెను.

ఇల్లు చేరి కాళ్లు కడుగుకొన్న కొంతసేపటికే వంటింట మా తోడికోడలు పాలు కాచి దించి, అందులో నిమ్మరసము పిండసాగినది. అత్తగారు ఉలికిపడి, “అయ్యయ్యో! ఇంటికి వచ్చినవాళ్లెదుట పాలు విరుస్తావేమిటే, తల్లీ!” అనిరి. ఆమె నవ్వి, “ఇక్కడ ఇదే మర్యాద, అత్తయ్యగారూ! దీన్ని ఛానా అంటారు,” అనినది. తెల్లని ఆ ముద్దను గుడ్డలో పిండి, సగము చక్కెరతోను సగము ఉప్పు మిరియములతోను కలిపి పళ్లెములలో పెట్టినది. మేమెల్లరము తింటిమి. అత్తగారు ముట్టలేదు.

ఆ పళ్లెమును చూచుచుండగా మాకు ఒక పదము జ్ఞప్తికి వచ్చినది. చిన్నతనమున మా నాయనగారు వీధియరుగుపై కూర్చుండబెట్టి మాచేత అమరకోశము వల్లెవేయించిరి. బ్రహ్మవర్గమున ఆమిక్ష యను పదము కలదు. కాగిన వేడిపాలలో పెరుగు కలిసినపుడు విరిగి ఏర్పడెడి ముద్దకు అది పేరు. చాతుర్మాస్యయాగములలో వైశ్వదేవ పర్వమున విశ్వేదేవతలకు అర్పింపబడు హవిస్సు అదియే. వేరుపడిన నీటికి వాజినమని పేరు. పదమును కంఠస్థము చేసితిమి గాని వస్తువును ఏనాడును చూచి యెరుగము. పెరుగునకు బదులు ఇచట నిమ్మరసము, అంతమాత్రమే భేదము. ఇంతకాలము నోట నానిన మాట ఆనాడు పళ్లెములో కనబడెను. కాని అత్తగారితో ఆ మాట అనుటకు ధైర్యము చాలలేదు.

నాలుగు దినములకు మరిదిగారు సెలవు పెట్టి మమ్ము కలకత్తా వైపు తీసికొనిపోయిరి. హౌరాలో లోకలుబండి మారి హుగ్లీనది వెంబడి చందన్‌నగరమునకు పోయితిమి. మన యానాము వలెనే అదియు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన పట్టణము. 1950లో భారతదేశమునకు వశమై, 1954లో పశ్చిమ బెంగాలులో చేరినది. నదియొడ్డున స్ట్రాండు అనెడి విశాలమైన బాట కలదు. చెట్లనీడను కూర్చుండి నీటిమీది పడవలను చూచుచున్నచో, ప్రయాణపుటలసట యంతయు తీరును.

ఆ ఊరికి జలభరా సందేశ్ అను మిఠాయివలన పేరు వచ్చినది. దాని పుట్టుకకు ఒక వేడుక కథ చెప్పుదురు. దగ్గరలోని తెలినీపాడా జమీందారుల యింటికి క్రొత్తయల్లుడు పండుగకు వచ్చెనట. అతనిని ఆటపట్టింపవలెనని ఆడువారు సూర్యకుమార మోదకు అను మిఠాయివానిని పిలిపించి, ఎన్నడును ఎరుగని మిఠాయి యొకటి చేయుమనిరట. అతడు ఛానాతో తాటిముంజ వంటి రూపుచేసి, నడుమ పన్నీరు దాచెను. అల్లుడు గట్టిగా కొరుకగనే పన్నీరు చిమ్మి పట్టుబట్టలు తడిసినవట! అల్లునికి మర్యాదయు జరిగినది, మరదండ్ర సరసమును తీరినది. జ్యేష్ఠమాసములో అల్లుండ్రను పిలిచి విందుచేయు జామాయిషష్ఠి యను పండుగ వంగదేశమున నేటికిని కలదు.

అంగడిలో ఆ మిఠాయిని చూడగనే అత్తగారు, “ఇది మన ముంజే!” అని చిన్నపిల్లవలె నవ్విరి. ఆ రెండేండ్లలో వారట్లు నవ్వుట మేము చూడలేదు. కొరికి, చేతిమీద కారిన పన్నీటిని తుడుచుకొనుచు, “కోవాతో చేశాడా?” అని అడిగిరి. మరిదిగారు బెంగాలీలో విచారించి, “కాదమ్మా, ఛానా. విరిచిన పాలే,” అనిరి. అత్తగారు సగము మిఠాయి చేతనుంచుకొని కొంచెముసేపు ఊరకుండిరి. మేమెవ్వరమును మాటాడలేదు. పిమ్మట వారు మిగిలిన సగమును నోటవేసికొనిరి.

స్ట్రాండుమీద కూర్చుండినపుడు మేము మెల్లగా ఆమిక్ష సంగతి చెప్పితిమి. వారు నీటివంక చూచుచు, “మీ మామగారుంటే అడిగి తెలుసుకొనేదాన్ని. నీకు తెలిసిందే చెప్పావు, సరే,” అనిరి. అంతకుమించి ఒక్క మాటయు లేదు. అయినను తిరిగి లేచునపుడు తమ చేతిసంచి మా చేతికిచ్చిరి.

అచటినుండి బండిలో కొద్దిదూరముననే బాండెలు కలదు. మన మచిలీపట్టణమునకు బందరు అను పేరు వచ్చినట్లే, రేవు అను అర్థముగల ఆ మాటనుండియే ఆ ఊరికిని పేరు వచ్చినదందురు. పోర్చుగీసువారు అచట 1599లో చర్చి కట్టించిరి. 1632లో షాజహాను సేనలు హుగ్లీని ముట్టడించినపుడు అది ధ్వంసము కాగా 1660లో మరల కట్టిరి. ఆ పోర్చుగీసువారి మూలముననే బాండెలు చీజు వాడుకలోనికి వచ్చినదని చెప్పుదురు. కాని ఊరిపేరు దాల్చిన ఆ చీజు ఆ ఊర మాకు దొరకలేదు. అది నేడు తారకేశ్వరము, విష్ణుపురము ప్రాంతములలో తయారై కలకత్తాలోని న్యూ మార్కెట్టులో అమ్ముడగుచున్నది.

మరునాడు అచటికి పోయితిమి. ఆ మార్కెట్టు 1874లో ఏర్పడినది; ఎర్రయిటుకల కట్టడము. లోపల ఒక దుకాణమున చిన్నచిన్న బిళ్లలు దొంతరలుగా పేర్చియుండెను. తెల్లనివి మామూలువి, గోధుమవన్నెవి పొగబెట్టినవి. నిమ్మరసముతో విరిచిన పాలముద్దకు ఉప్పు పట్టించి, చిన్న మూసలలో ఒదిగించి వడియనిచ్చినవి యవి. ఉప్పన యెక్కువ గనుక రాత్రి నీటిలో నానబెట్టి ఉదయమున వాడుకొనవలెను. మా తోడికోడలు వానిని పొడిచేసి దోసకాయ బిళ్లలమీదను, కాల్చిన రొట్టెముక్కలమీదను చల్లి పెట్టినది. పొగవాసనగల చీజు పంటికింద పొడిపొడియై, మన కుంపటిమీద కాల్చిన మొక్కజొన్నను తలపించినది. చీజు కొనునపుడు ఒక జాగ్రత్త కలదు. విదేశపు పద్ధతుల చీజులలో కొన్నిటిని దూడపొట్టనుండి తీసిన తోడుతో పేరబెట్టుదురు. శాకాహారులు పొట్లముమీద పచ్చని గుర్తు చూచి కొనుట మేలు.

కలకత్తాలో రసగుల్లా మాట వచ్చినచో వివాదము తప్పదు. బాగ్‌బజారు నవీనచంద్రదాసు 1868లో దానిని కనిపెట్టెనని వంగీయులందురు. పూరీలో రథయాత్ర ముగిసి జగన్నాథస్వామి ఆలయమునకు మరలునాడు అలిగిన లక్ష్మీదేవికి సమర్పించునది తమ రసగుల్లాయే యని ఉత్కళులందురు. 2017లో బెంగాలు రసగుల్లాకును, 2019లో ఒడిశా రసగుల్లాకును భౌగోళిక గుర్తింపులు వేరువేరుగా లభించినవి. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గినను, విరిగిన పాలకు అచట లభించిన గౌరవము మనము గమనింపదగినది.

ఇక మన యిండ్లలో సులువుగా చేసికొనదగిన తీపియు కారమును చెప్పెదము. ఒక లీటరు మంచి ఆవుపాలు కాచి, పొంగు రాగానే దించి, రెండు నిమిషములు ఆగవలెను. రెండు పెద్దచెంచాల నిమ్మరసమునకు అంతే నీరు కలిపి, కొంచెము కొంచెముగా పోయుచు మెల్లగా కలుపవలెను. పచ్చనివన్నె నీరు తేటగా వేరుపడగానే రసము పోయుట ఆపవలెను. మించినచో ముద్ద బిరుసెక్కును. వెంటనే పలుచని గుడ్డలో వడకట్టి, పులుపు పోవునట్లు చన్నీటితో కడిగి, అరగంట వ్రేలాడదీయవలెను. సుమారు 200 గ్రాముల ముద్ద వచ్చును. మిగిలిన నీటిని పారబోయక చపాతీపిండి కలుపుటకు వాడుకొనవచ్చును.

తీపికి: ఆ ముద్దను పళ్లెములో వేసి అరచేతి మొదలుతో పది నిమిషములు మెత్తగా మెదుపవలెను. 50 గ్రాముల చక్కెరపొడి కలిపి, సన్నని మంటపై నాలుగైదు నిమిషములు త్రిప్పి, గిన్నెను విడుచుచుండగానే దింపవలెను. ఎక్కువసేపు ఉంచినచో ఇసుకవలె పలుకులగును. ఏలకులపొడి వేసి, గోరువెచ్చగా నున్నపుడే ముంజల ఆకారమున ఒత్తవలెను. నడుమ చిన్న గుంటచేసి అరచెంచా పన్నీరు పోసి మూసినచో వేడుకకు వేడుక.

కారమునకు: గేదెపాలైనచో ముద్ద గట్టిగా నుండును. మెదుపనక్కరలేదు. ఉప్పు, దంచిన మిరియములు, సన్నగా తరిగిన పచ్చిమిరప, అల్లము, కొత్తిమీర కలిపి, గుడ్డలో చుట్టి పైన బరువు పెట్టి గంటసేపు ఉంచవలెను. చిన్న ముక్కలుగా కోసి దోసకాయ బిళ్లలమీద అమర్చవచ్చును. లేదా జీలకర్ర వేసిన నేతిలో ఎర్రగా వేయించవచ్చును. రెండును ఆనాడే తినవలెను.

ఒక్క హెచ్చరిక. మనము విరిచిన పాలు వేరు, చెడి విరిగిన పాలు వేరు. దుర్వాసన వచ్చినవానిని, నిలువయుండి తమంతట తాము విరిగినవానిని అతిథులకు పెట్టరాదు. ఆనాడు మా పొయ్యిమీద విరిగిన పాలను పారబోయుటయే సబబు. అవి ఎండకు చెడినవి. ఎవరి నుదుటివ్రాతను వ్రాయుటకును విరుగలేదు.

మొన్న కార్తికమాసమున మా ఆడుబిడ్డను చూచుటకు మరల పెద్దలు వచ్చిరి. ఉదయముననే అత్తగారు మమ్ము వంటింటికి పిలిచి, పాలగిన్నెను మా చేతికిచ్చి, “నువ్వు కాచి దించు, నేను విరుస్తాను,” అనిరి. నిమ్మచెక్క వారి చేతిలోనే యుండెను. పాలు విరుగుచుండగా వారి చేయి కొంచెము వణకినది గాని ఆగలేదు. వచ్చినవారిలో ఒక ముసలమ్మ పళ్లెము చూచి, “కార్తికంలో ముంజలెక్కడివండీ?” అని అడుగగా ఇల్లంతయు నవ్వులతో నిండెను. విషమునకు విరుగుడున్నట్లు భయమునకును విరుగుడు ఉండునని, అది మా యింటికి పాలవిరుగుడు రూపముననే వచ్చినదని మాకు తోచినది.

సంబంధము సంగతి పెద్దలు ఇంకను మాటాడుకొనుచున్నారు. కుదిరిన సంతోషము. కుదరకున్నను, ఆ నెపమును పాలమీద వేయబోమని మాత్రము మా యింట ఎల్లరమును నిశ్చయించుకొంటిమి.