అప్పు ముందు, పంపకం తరువాత

2019 మే నెల. రమజాను మొదటి దశకం గడుస్తున్నది. తరావీహ్ ముగించుకొని ఇంటికి చేరిన కొద్దిసేపటికి, ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి నుంచి ఫోను వచ్చింది. సలాములు, క్షేమ సమాచారాలు అయిన తరువాత వాడు ఇలా అడిగాడు:

"మామూ, మా ఆఫీసులో నిన్నటి నుంచి ఒకటే చర్చ. వోడాఫోన్ కంపెనీ వాటాదారులకు ఇచ్చే డివిడెండును ఒక్కసారిగా నూటికి నలభై వంతులు తగ్గించింది. ఇది మాట తప్పడమేనని కొందరు, ఎప్పుడో చేయవలసిన పని ఇప్పుడు చేశారని కొందరు అంటున్నారు. మెడలోతు అప్పుల్లో ఉన్న కంపెనీ ఏటేటా లాభాలు పంచుతూ పోవచ్చునా? షరీఅత్ ఏమంటుంది?"

నేను ఫిఖ్హ్ పాఠాలు చెప్పుకొనేవాడిని. కంపెనీల వ్యవహారం నాకు పరాయి విషయం. వివరాలు పంపితే ఆలోచించి చెబుతానన్నాను. పంపాడు. ఆ వివరాలు చదువుతూ ఉంటే నా మనసు ఇంగ్లండు వైపు పోలేదు. నంద్యాలలోని మా అబ్బాజాన్ బట్టల దుకాణం వైపు పోయింది. అది తరువాత చెబుతాను.

ముందు సంగతి ఇది. 2018 మేలో వోడాఫోన్ జర్మనీలోను, మధ్య ఐరోపాలోని మరికొన్ని దేశాలలోను లిబర్టీ గ్లోబల్ సంస్థకు చెందిన కేబుల్ వ్యాపారాలను 1,840 కోట్ల యూరోలకు కొనడానికి ఒప్పందం చేసుకొన్నది. మన దేశంలోని తన వ్యాపారాన్ని అదే సంవత్సరం ఆగస్టులో ఐడియాతో కలిపింది. 2019 మార్చి నాటికి కంపెనీ నికర అప్పు సుమారు 2,700 కోట్ల యూరోలు. ఆ ఆర్థిక సంవత్సరపు నష్టం 760 కోట్ల యూరోలు. ఇంత జరుగుతున్నా ఒక్కొక్క షేరుకు 15.07 యూరో సెంట్ల డివిడెండును కొనసాగిస్తామని కొత్త ముఖ్య కార్యనిర్వహణాధికారి నిక్ రీడ్ 2018 నవంబరులో ప్రకటించారు. అందుకు ఏటా దాదాపు 400 కోట్ల యూరోలు కావాలి. ఆరు నెలలు తిరిగేసరికి, 2019 మే 14న, దానిని 9 సెంట్లకు దించారు.

డివిడెండును సమర్థించేవారి వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. నష్టంలో అధిక భాగం ఆస్తుల విలువను పుస్తకాలలో తగ్గించి రాయడం వల్ల వచ్చినదే. కోట్లాది ఖాతాదారుల బిల్లుల సొమ్ము నెలనెలా వస్తూనే ఉన్నది. అప్పులేని టెలికాం కంపెనీ ప్రపంచంలో అరుదు. స్తంభాలు, తీగలు, స్పెక్ట్రం వేలం అన్నీ ముందుగా పెట్టుబడి కోరేవే. పైగా ఆ డివిడెండు మీద బ్రతికేవారిలో ధనికులే కాదు, పదవీ విరమణ చేసిన వృద్ధులు, వారి పింఛను నిధులు కూడా ఉన్నాయి. చేతిలో సొమ్ము మిగిలితే అధికారులు దానిని అనవసరపు కొనుగోళ్లకు తగలబెడతారు గనుక వాటాదారులకు పంచివేయడమే మేలని కూడా అంటారు.

ఇక ధర్మశాస్త్రానికి వద్దాం. అప్పు ఉన్నవాడు తన సొమ్మును ఖర్చు చేయనే రాదని ఇస్లాం అనలేదు. గడువు రాని అప్పు వేరు, గడువు తీరిన అప్పు వేరు. గడువు ప్రకారం చెల్లించగల స్తోమతు, సంకల్పం ఉన్నవాడు భార్యాబిడ్డలకు పెట్టవచ్చు, బంధువులకు ఇవ్వవచ్చు. అయితే స్తోమతు ఉండి కూడా చెల్లింపును వాయిదా వేయడం అన్యాయమని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. అప్పు మిగిల్చి చనిపోయిన ఒక వ్యక్తి జనాజా ముందుకు వచ్చినప్పుడు, ఆయన తాను నమాజు చేయించక, మీరు చేసుకోండని సహచరులతో అన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పును తన మీద వేసుకొన్న తరువాతనే నమాజు చేయించారు. ఆ అప్పు కొద్దిపాటి దీనార్లు మాత్రమే.

వారసత్వంలోనూ ఇదే క్రమం. అంత్యక్రియల ఖర్చు, తరువాత అప్పు, తరువాత వీలునామా, చివరకు వారసులు. దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరాలో వీలునామా ప్రస్తావన అప్పు కంటే ముందు వచ్చినా, అమలులో అప్పే ముందని ధర్మవేత్తలు ఏకాభిప్రాయానికి వచ్చారు. కన్నబిడ్డ సైతం అప్పిచ్చినవాని వెనుకనే నిలబడాలి.

వ్యాపారానికి మరింత దగ్గరైన నియమం ముజారబత్ అధ్యాయంలో ఉన్నది. ఒకరు పెట్టుబడి పెడితే మరొకరు శ్రమించి, లాభాన్ని పంచుకొనే ఒప్పందమే ముజారబత్. ఇందులో నష్టం వస్తే మొదట లాభం లోంచి పూడ్చాలి. అసలు నిండేవరకు లాభమనే మాట లేదు. మా మదరసాలలో చెప్పుకొనే 'హిదాయా' ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది: ఒప్పందం నడుస్తూ ఉండగా లాభమనుకొని పంచుకొన్నారు, ఆ తరువాత అసలు నష్టపోయింది, అప్పుడు పంచుకొన్నది వెనక్కి తెచ్చి అసలును పూడ్చాలి. అంటే చేతికి వచ్చినంత మాత్రాన అది లాభం కాజాలదు.

ఈ పాఠాన్ని నేను ఏళ్ల తరబడి విద్యార్థులకు చెప్పాను. నా ఇంటికి దానిని అన్వయించుకోలేదు. ఇప్పుడు ఆ సంగతి.

అబ్బాజాన్ ప్రతి రమజానులో ఇరవై ఏడవ రాత్రికి ముందు మా నలుగురు సంతానానికీ దుకాణం లాభంలో హిస్సా పంచేవారు. మదరసా జీతంతో నెట్టుకొచ్చే నాకు పిల్లల ఈద్ బట్టలు, ఏడాదికి సరిపడే బియ్యం దానితోనే గడిచేవి. కాలం మారింది. రెడీమేడ్ దుకాణాలు వచ్చాయి, బేరాలు పడిపోయాయి. హిస్సా మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. దుకాణంలో తోడుగా కూర్చొనే భాయిజాన్ ఒకసారి ఆ మాట ఎత్తితే, "ఈ ఏడు తగ్గిస్తే దుకాణం పడిపోయిందని బజారంతా చెప్పుకొంటుంది. అల్లుడి ముందు తలెత్తుకోలేను" అన్నారట. రేకుల కప్పు కారుతున్నా బాగు చేయించలేదు. రెండు వానాకాలాలు సరుకు తడిసింది.

ఆయన అల్లాహ్ సన్నిధికి చేరిన నాలుగవ రోజున, సరుకు అరువిచ్చే విజయవాడ వ్యాపారి పరామర్శకు వచ్చారు. వృద్ధుడు, ముస్లిమేతరుడు. చాలాసేపు మౌనంగా కూర్చొని, లేచేముందు సంచిలోంచి ఖాతా పుస్తకం తీసి, "మీ నాన్నగారి మాట మీద నేనెన్నడూ కాగితం రాయించుకోలేదు" అన్నారు. బాకీ మూడు లక్షల నలభై వేలు. ఆ రాత్రి నేను కాగితం మీద లెక్క వేశాను. గత ఆరేళ్లలో మేము అందుకొన్న హిస్సాల మొత్తం దాదాపు అంతే ఉన్నది. మేము పంచుకొన్నది లాభం కాదు. ఆ పెద్దాయన సరుకు.

తండ్రి ఇచ్చింది కానుక, కానుకను వెనక్కి అడగరని అన్నదమ్ములలో ఒక మాట వచ్చింది. ఆ మాటకు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఎందుకంటే నేనూ తిన్నవాడినే. మా ఆపా, అంటే ఈ మేనల్లుడి తల్లి, తలుపు పక్క నుంచి అన్నది: "అబ్బా ఖబర్‌లో ఉన్నారు. ముందు ఆయనను విడిపించండి. తరువాత మసాయిల్ మాట్లాడుకోండి." తన వంతు మొదట తెచ్చి పెట్టింది కూడా ఆమే. మేము పూర్తిగా తీర్చడానికి రెండున్నర సంవత్సరాలు పట్టింది. ఆ వ్యాపారి ఒక్కసారీ తొందరపెట్టలేదు.

మరణించినవారి లోపాలు ఎంచరాదని నాకు తెలుసు. అబ్బాజాన్ ప్రేమతోనే ఇచ్చారు. ఆయన తప్పు చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ సొమ్ము ఎక్కడిదని ఆరేళ్లలో ఒక్కసారైనా అడగని ఆలిమ్ తప్పు చెప్పడానికి రాస్తున్నాను.

మేనల్లుడు పంపిన వివరాలలో నాకు అబ్బాజాన్ మాటే వినిపించింది. డివిడెండు తగ్గిస్తే కంపెనీ పడిపోయిందంటారు, షేరు ధర కూలుతుంది; కనుక ఏమైనా సరే ఆ అంకె కదలరాదు. బజారు భయం చిన్న దుకాణానికైనా, ఖండాంతరాలలో వ్యాపించిన కంపెనీకైనా ఒకటే. ఆ భయంలో పడినవారు తమ నిజ స్థితిని ముందుగా తమకు తామే దాచుకొంటారు.

దాచుకొంటే ఏమవుతుందో అమెరికాలోని ఫ్రాంటియర్ కమ్యూనికేషన్స్ ఉదంతం చెబుతుంది. పాత టెలిఫోను తీగలే దాని ప్రధాన ఆస్తి. ఆ తీగలను వదిలిపోయే ఖాతాదారులు ఏటేటా పెరిగారు. అయినా అధిక డివిడెండు కంపెనీగా పేరు నిలుపుకొన్నది. 2010లోను, 2012లోను డివిడెండు తగ్గించినా ఆపలేదు. 2016లో కాలిఫోర్నియా, టెక్సస్, ఫ్లోరిడా రాష్ట్రాలలోని వెరైజన్ తీగలను 1,054 కోట్ల డాలర్లకు అప్పు మీద కొన్నది. 2018లో గాని డివిడెండు పూర్తిగా నిలపలేదు. 2020 ఏప్రిల్ 14న సుమారు 1,750 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా రక్షణ కోరింది. మరుసటి సంవత్సరం కంపెనీ కోలుకొని బయటపడేనాటికి పాత షేర్లు రద్దయిపోయాయి. డివిడెండు వస్తున్నదన్న భరోసాతో కూర్చొన్న వాటాదారునికి అసలే మిగలలేదు. ఏళ్ల తరబడి చేతికి వచ్చినదాంట్లో తన అసలు ఎంత, లాభమెంత అని అతడు అప్పుడు లెక్క వేసుకొని ఉంటాడు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ముజారబత్‌లో పంచుకొన్నది వెనక్కి రావాలి. నేటి కంపెనీ చట్టాలలో, చట్టబద్ధంగా పంచిన డివిడెండును వాటాదారుడు సాధారణంగా తిరిగి ఇవ్వనక్కరలేదు. కంపెనీ మునిగితే మిగిలిన బాకీతో అతనికి సంబంధం లేదు. పంచిన తరువాత సరిదిద్దుకొనే దారి లేదు గనుక పంచకముందే ఆగి ఆలోచించే బాధ్యత నిర్వాహకులపై మరింత బరువుగా పడుతుంది. పైగా ఆ అప్పు వడ్డీ అప్పు. అసలు తీర్చగల సొమ్మును పంచివేసిన ప్రతి సంవత్సరం వడ్డీ ఆయుష్షు ఒక సంవత్సరం పెరుగుతుంది. వాటాలు కొనదలచిన ముస్లిములకు మరో మెట్టు కూడా ఉన్నది: వడ్డీ అప్పు కంపెనీ మార్కెట్ విలువలో 30 శాతాన్ని మించరాదని బహ్రెయిన్‌లోని ఆయోఫీ సంస్థ ప్రమాణం. అప్పుల్లో కూరుకొన్న కంపెనీ ఎంత డివిడెండు ఇచ్చినా ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

కొన్ని రోజుల తరువాత మేనల్లుడికి ఫోను చేసి, నాకు తోచిన సమాధానం చెప్పాను. పంచేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. గడువు తీరిన బాకీలన్నీ చెల్లించామా? పంచుతున్నది నిజంగా సంపాదించిన లాభమేనా, లేక కొత్త అప్పా, తరిగిపోతున్న అసలా? రేపు పని నడవడానికి కావలసినది, ఆ తీగలకు, స్తంభాలకు, పనివారికి కావలసినది పక్కన పెట్టామా? మూడింటికీ అవునని నిజాయితీగా చెప్పగలిగితే, అప్పు ఉన్నా పంపకం అన్యాయం కాదు. ఒక్కదానికి కాదన్నా, పంచేది ఇతరుల హక్కు. ఈ కొలతతో చూస్తే వోడాఫోన్ చేసిన తగ్గింపు మాట తప్పడం కాదు, ఆలస్యమైన న్యాయం. 2024లో వారు ఇటలీ, స్పెయిన్ వ్యాపారాలను వదులుకొంటూ ఆ 9 సెంట్లను మళ్లీ సగానికి, 4.5 సెంట్లకు దించుతామని ప్రకటించినప్పుడు నాకు ఆశ్చర్యం కలుగలేదు.

"మరి దాని మీదే బ్రతికే ముసలివాళ్లు, మామూ?" అని వాడు అడిగాడు. వారికి దక్కవలసిన మొదటి హక్కు నిజమని చెప్పాను. తక్కువ వస్తుందని ముందే తెలిస్తే మనిషి పొదుపుగా సర్దుకొంటాడు. కదలని అంకె చూపించి చివరకు ఏమీ మిగల్చకపోవడం దయ కాదు. తరువాత దుకాణం కథ చెప్పాను. అప్పట్లో వాడు పసివాడు, ఏదీ తెలియదు. చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మీ ఎన్నడూ చెప్పలేదు" అన్నాడు చివరకు.

ప్రియ పాఠకులారా! మనలో కంపెనీలు నడిపేవారు కొద్దిమందే. కాని బాకీ ఉంచుకొని ఘనంగా వలీమా చేసేవారు, కిరాణా ఖాతా పెండింగులో పెట్టి ఈద్‌కు కొత్త సోఫా తెచ్చేవారు, వ్యాపారం కుంగుతున్నా ఇంటివారికి చెప్పలేక ఎప్పటిలాగే ఇచ్చే తండ్రులు మన మధ్య ఎందరో ఉన్నారు. ఇచ్చేవాడు బాకీల లెక్క చెప్పాలి. తీసుకొనేవాడు అడగాలి. అడగడం అవమానపరచడం కాదు. ఆయనను రేపటి విచారణ నుంచి కాపాడడం.

దైవప్రవక్త (సఅసం) అప్పుల భారం నుంచి అల్లాహ్ శరణు వేడుకొనేవారు. ఆ వేడుకోలును మన ఇళ్లలోనూ అలవాటు చేసుకొందాం. అల్లాహ్ మా తల్లిదండ్రులను, మీ తల్లిదండ్రులను క్షమించుగాక. మనపై ఎవరి బాకీ మిగలకుండా మనలను తన సన్నిధికి చేర్చుగాక. ఆమీన్.